బాగా చదివిన పిల్లవాడు ఓడిపోయిన పోటీ

పార్వతీపురం నుంచి బస్సులో ముప్పావు గంట ప్రయాణం చేస్తే వచ్చే ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను తెలుగు ఉపాధ్యాయుణ్ణి. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాలలో భాగంగా మూడేళ్ల కిందట ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలకు పుస్తక పఠన పోటీ ఒకటి పెట్టాను. ఆ పోటీలో నేను చేసిన తప్పు ఏమిటో, దాన్ని సరిదిద్దుకోవడానికి మాకు ఒక ఏడాది ఎందుకు పట్టిందో రాస్తే ఇటువంటి పోటీ పెట్టాలనుకునే తోటి ఉపాధ్యాయులకు ఉపయోగపడుతుందని ఈ అనుభవం రాస్తున్నాను.

మొదటి ఏడాది పోటీ పద్ధతి చాలా సులువైనది. బడి బీరువాలో పిల్లలు చదవదగినవిగా కనిపించిన 20 పుస్తకాలను బల్ల మీద పేర్చి, నెల రోజుల గడువిచ్చి, చివరన 50 ప్రశ్నల పరీక్ష పెట్టాను. ప్రశ్నలు తయారు చేయడానికి నాకు రెండు సాయంత్రాలే దొరికాయి. ఇరవై పుస్తకాలూ పూర్తిగా చదివే తీరిక లేక, అట్టల మీద, ముందుమాటల్లో ఉన్న సమాచారం నుంచే ఎక్కువ ప్రశ్నలు తీశాను. రచయిత ఎవరు, అనువదించినది ఎవరు, ఏ సంవత్సరంలో వచ్చింది, ఫలానా పాత్ర పేరేమిటి అనే తరహా ప్రశ్నలవి. మొదటి బహుమతి పొందిన అమ్మాయి ఆ వివరాలన్నీ నోట్సులో ఎత్తి రాసుకొని వల్లె వేసింది. ఆమెను తప్పు పట్టవలసిన పని లేదు, ఎందుకంటే నేను అడగబోయేది ఏమిటో ఆమె సరిగానే ఊహించింది.

పరీక్ష అయిన మర్నాడు పుస్తకాలు తిరిగి తీసుకుంటూ ఉండగా ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు 'రైలుబడి'ని చేతిలోనే పట్టుకొని నిలబడ్డాడు. జపాను రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసిన 'టొటో-చాన్'కు అది తెలుగు అనువాదం. పాత రైలు పెట్టెలే తరగతి గదులుగా ఉన్న ఆ బడిలో చేరడానికి వెళ్లిన మొదటి రోజున హెడ్మాస్టరు కొబయాషి ఆ చిన్న పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకొని, నీకు చెప్పాలనిపించిందంతా చెప్పమని, నాలుగు గంటల సేపు విన్నాడు. ఆ ఘట్టాన్ని ఈ అబ్బాయి ఆ పిల్ల గొంతులో ఒకసారి, ఆ హెడ్మాస్టరు గొంతులో ఒకసారి మాట్లాడుతూ నాకు చెప్పాడు. పుస్తకం మూడుసార్లు చదివానని, చివర యుద్ధంలో బాంబులు పడి బడి కాలిపోయే చోటు మాత్రం రెండోసారి చదవలేక పేజీలు తిప్పేశానని అన్నాడు. ఆ పుస్తకం మీద నేనడిగిన మూడు ప్రశ్నలలో వాడు రెండు ఖాళీగా వదిలేశాడు, ఎందుకంటే ఒకటి పుస్తకం వెలువడిన సంవత్సరం, ఇంకొకటి అనువాదకుల పేరు. మొత్తం 50 మార్కులకు వాడికి వచ్చినవి 11. మిగిలిన పుస్తకాలు ఎందుకు చదవలేదని అడిగితే, "ఇది అయ్యాక ఇంకోటి తియ్యబుద్ధి కాలేదండి మాస్టారూ" అన్నాడు. బస్సుకు వేళ కావడంతో నేను వాడి మాటలు పదినిమిషాలకు మించి వినలేకపోయాను. నాలుగు గంటలు విన్న గురువు కథను ప్రాణం పెట్టి చదివిన పిల్లవాడికి నేను పది నిమిషాలే ఇచ్చానన్న సంగతి ఆ రాత్రి నన్ను చాలా సేపు బాధించింది.

మరుసటి ఏడాది పోటీని పూర్తిగా మార్చాలనుకున్నప్పుడు మొదట ఎదురైన సమస్య పుస్తకాలది. బీరువాలో ఉన్నవి మొత్తం నాలుగు వందల పైచిలుకు. వాటిలో పోటీ పరీక్షల గైడ్లు, వ్యక్తిత్వ వికాస గ్రంథాలు, పెద్దవాళ్ల జీవిత చరిత్రలు తీసేస్తే పన్నెండేళ్ల పిల్ల తనంత తానుగా చేయి చాచి తీసుకునేవి యాభై కూడా లేవు. పూర్వ విద్యార్థులు కొందరు పోగు చేసి ఇచ్చిన రూ. 9,400 పట్టుకొని జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లాను. నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయం బొమ్మల పుస్తకాలు, హైదరాబాదులోని మంచి పుస్తకం వారి ప్రచురణలు, ఒకప్పుడు మాస్కో నుంచి విశాలాంధ్ర దుకాణాలకు వచ్చి మా తరాన్ని పెంచిన రష్యన్ పిల్లల పుస్తకాల పునర్ముద్రణలు కలిపి 143 పుస్తకాలు కొన్నాను. ఆ రష్యన్ పుస్తకాల్లో ఒకటైన 'నాన్నారి చిన్నతనం' కనిపించినప్పుడు దాన్ని పిల్లల కోసమే కొన్నానని చెప్పలేను. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, అచ్చు తీసుకోవడానికి అనుమతి కూడా ఉంది కనుక అక్కడి నుంచి మరో ముప్పై కథలు ముద్రించి కుట్టించాము. విశ్రాంత గ్రంథాలయ ఉద్యోగి ఒకాయన తన ఇంట్లో బైండు చేయించి దాచుకున్న చందమామలు ఆరు సంపుటాలు తెచ్చి, చిరిగినా ఫరవాలేదంటూ పిల్లలకిచ్చారు.

ఇక్కడ ఒక ఆచరణ సంగతి చెప్పాలి. పుస్తకాలు స్టాకు రిజిస్టరులోకి ఎక్కితే, పోయిన ప్రతి పుస్తకానికీ ఎవరో ఒకరు జవాబు చెప్పుకోవాలి. ఆ భయంతోనే చాలా బడుల్లో బీరువా తాళం తెరుచుకోదు. కొత్తగా కొన్నవాటిని దాతలు ఇచ్చినవిగా వేరే నోటు పుస్తకంలో రాసుకొని, ఏడాదికి పదింట ఒక పుస్తకం చిరగడమో పోవడమో సహజమని ప్రధానోపాధ్యాయుల వారితో ముందే మాట్లాడుకున్నాము. ఆయన ఒప్పుకొని సంతకం పెట్టడం వల్లనే మిగిలినదంతా సాధ్యమైంది.

కొత్త పోటీ జూన్‌లో మొదలై నవంబరు 14న ముగిసేలా పెట్టాము. పిల్లలు తమకు నచ్చిన పుస్తకం తీసుకొని, చదివి, ఎవరో ఒకరి దగ్గర కూర్చొని దాని గురించి చెప్పాలి. అలా మూడు పుస్తకాల గురించి చెబితే పోటీలో ఉన్నట్టు లెక్క. నచ్చని పుస్తకాన్ని మధ్యలో వదిలేయవచ్చు, కాని ఏ పేజీ దగ్గర వదిలేశారో, ఎందుకు వదిలేశారో చెప్పాలి. ఈ చివరి నియమం వినగానే పిల్లల ముఖాల్లో కనిపించిన నమ్మలేనితనం నాకు ఇంకా గుర్తుంది, ఎందుకంటే బడిలో ఇచ్చిన పుస్తకాన్ని బాగోలేదని చెప్పే హక్కు అంతకు ముందు వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు.

పేర్లిచ్చినవారు 62 మంది. ఒక్కొక్కరికి పది నిమిషాల చొప్పున ఒక విడతకే పది గంటలకు పైగా వినాలి, అలాంటివి మూడు విడతలు. నేనొక్కణ్ణీ వినగలిగిన పని కాదది. హిందీ మేడమ్, ఆ విశ్రాంత గ్రంథాలయ ఉద్యోగి, పదో తరగతి ఆడపిల్లలు ఇద్దరు, నేను కలిసి అయిదుగురం మధ్యాహ్న భోజనం తరువాత దొరికే సమయంలోను, గ్రంథాలయ పీరియడులోను పంచుకొని విన్నాము. వినేవాళ్లు మధ్యలో తప్పులు దిద్దకూడదని మేమే ఒక నియమం పెట్టుకున్నాము. దాన్ని పాటించడం నాకు అందరికంటే కష్టమైంది, ఉచ్చారణ తప్పిన ప్రతి చోటా నోరు తెరవబోయి ఆగవలసి వచ్చేది.

తొమ్మిదో తరగతికి వచ్చినా ధారాళంగా చదవలేని పిల్లలు పది పన్నెండు మంది ఉన్నారు. పలుచని బొమ్మల పుస్తకం చేతిలో కనిపిస్తే తోటివారు వెక్కిరిస్తారని వాళ్లు లావుపాటివి తీసుకొని చదవకుండానే తిరిగి ఇచ్చేవారు. చాలా రోజులు నాకు ఈ సంగతి అర్థం కాలేదు. పక్కనే ఉన్న ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతి పిల్లలకు చదివి వినిపించినా పోటీలో లెక్కే అని ప్రకటించిన తరువాత, చిన్న పిల్లల కోసం అన్న పేరుతో వాళ్లు ఆ బొమ్మల పుస్తకాలను నిస్సంకోచంగా ఇంటికి పట్టుకెళ్లడం మొదలుపెట్టారు. మర్నాడు ఒకటో తరగతి ముందు తడబడకూడదని రాత్రి నాలుగైదుసార్లు చదువుకొని వచ్చేవారు. ఆ ఆరు నెలల్లో మేము చేసిన పనులన్నిటిలో నాకు అత్యంత తృప్తినిచ్చినది ఇదే.

ఏడో తరగతిలో సవర గిరిజన కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉంది. మా ముందు కూర్చుంటే రెండు వాక్యాల తరువాత మాట ఆగిపోయేది. ఇంట్లో మామ్మకు మాత్రం పుస్తకమంతా సవరలో చెబుతానని చెప్పింది. పోటీ తెలుగు పుస్తకాలది కదా, సవరలో చెబితే ఎలా లెక్క వేయాలని మాలో మాకు చర్చ జరిగింది. పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకొని, ఆ పిల్లల కోసం సవరలోనే వాచకాలు రాసిన గిడుగు వెంకట రామమూర్తి గారి పుట్టినరోజైన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నప్పుడు, ఈ చర్చకు జవాబు వెతుక్కోవలసిన అవసరం లేదని నాకు అనిపించింది. పదో తరగతిలో ఉన్న సవర అబ్బాయిని ఆరో శ్రోతగా చేర్చుకున్నాము. అతని ఎదుట ఆ అమ్మాయి పావుగంటకు పైగా ఆగకుండా చెప్పింది. మాకు మాటలు అర్థం కాకపోయినా, కథలో పులి వచ్చిన చోటు మాత్రం అందరికీ తెలిసింది.

పోటీ అన్నాక ప్రథమ, ద్వితీయ స్థానాలు ఉండాలని తల్లిదండ్రులు కొందరు గట్టిగా అడిగారు, ప్రధానోపాధ్యాయుల వారూ అదే అన్నారు. మేము విన్నదానికి మార్కులు వేయడం నాకు ఇష్టం లేదు. ఎవరు బాగా మాట్లాడారన్నది చూస్తే మాటకారులకే బహుమతి పోతుంది. చివరకు, మూడు పుస్తకాలు పూర్తి చేసిన ప్రతి ఒక్కరికీ తాము కోరుకున్న పుస్తకం ఒకటి ఇవ్వాలని, ప్రథమ స్థానం మాత్రం, తాము చదివిన పుస్తకం రచయితను పిల్లలు అడగదలచిన ప్రశ్నల్లో మంచిదానికి ఇవ్వాలని నిర్ణయించుకున్నాము.

ఈ ప్రశ్నల దగ్గరే నాకు తెలియని సంగతి ఒకటి బయటపడింది. పుస్తకాలు రాసేవాళ్లంతా చనిపోయినవారని మా పిల్లల్లో చాలామంది అనుకుంటున్నారు. పాఠ్యపుస్తకంలో రచయిత పేరు కింద పుట్టిన ఏడు, పోయిన ఏడు చూసి చూసి వాళ్లకు ఆ అభిప్రాయం కలిగింది. అప్పుడు కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి ఏటా ఇస్తున్న బాల సాహిత్య పురస్కారం తెలుగులో ఎవరెవరికి వచ్చిందో, 'అడవి తల్లి' రాసిన కలువకొలను సదానంద గారితో మొదలుపెట్టి, ఒక చార్టు మీద రాసి గోడకు అంటించాను. 2018లో 'ఆనందలోకం' రాసిన నారంశెట్టి ఉమామహేశ్వరరావు గారికి, 2019లో 'తాత మాట వరాల మూట' రాసిన బెలగాం భీమేశ్వరరావు గారికి ఆ పురస్కారం వచ్చింది. ఇద్దరిదీ పార్వతీపురమే. వరుసగా రెండేళ్లు ఒకే ఊరికి, అదీ తాము సంతకు, సినిమాకు వెళ్లే ఊరికి వచ్చిందని తెలిసిన రోజున, "మన పార్వతీపురమేనాండి?" అని ఎంతమంది అడిగారో లెక్క లేదు. అయిదారుగురు ఆ సాయంత్రమే సొంత కథలు మొదలుపెట్టారు.

ప్రథమ స్థానం వచ్చిన ప్రశ్న ఆరో తరగతి అమ్మాయిది. నక్క ఎప్పుడూ మోసమే చేస్తుందని అన్ని కథల్లోనూ రాస్తారు కదా, మీరు నిజంగా నక్కను ఎప్పుడైనా చూశారా అని ఆమె అడిగింది. వాళ్ల పొలం గట్టున నక్కలు తిరుగుతాయట, మనిషిని చూడగానే పారిపోతాయట. పిల్లల ప్రశ్నల్లో పదకొండింటిని ఎంచి, ప్రచురణ సంస్థల చిరునామాలకు అర్ధరూపాయి పోస్టుకార్డుల మీద పంపించాము. జవాబులు మూడు వచ్చాయి. నక్క ప్రశ్నకు జవాబు రాసిన రచయిత, తాను నక్కను చూడలేదని ఒప్పుకొని, గట్టు మీది నక్క ఏ వేళకు వస్తుందో, ఏం తింటుందో తనకు రాయమని ఆ అమ్మాయినే కోరారు. ఆమె నాలుగు పేజీలు రాసింది.

నవంబరు నాటికి 62 మందిలో 41 మంది మూడేసి పుస్తకాలు పూర్తి చేశారు. పుస్తకాల్లో 9 పోయాయి, 6 చిరిగాయి. మొదటి ఏడాది 11 మార్కులు వచ్చిన అబ్బాయి అప్పటికి తొమ్మిదో తరగతిలో ఉన్నాడు. ఈసారి వాడు 'రైలుబడి'తో పాటు మరో నాలుగు పుస్తకాల గురించి చెప్పాడు, నేను మొత్తం కూర్చొని విన్నాను. ప్రస్తుతం వచ్చే జనవరిలో కొనవలసిన వాటి జాబితా రాస్తున్నాము. దానికోసం తరగతి గది తలుపుకు తగిలించిన కాగితం మీద పిల్లలు రాసినవాటిలో, నక్కల గురించి నిజం చెప్పే పుస్తకం ఒకటి, దెయ్యాల పుస్తకాలు ఎన్ని దొరికితే అన్ని, అట్ట ఊడిపోయిన పాత ప్రతి బదులు 'రైలుబడి' మూడు ప్రతులు ఉన్నాయి.