తండ్రికి ఎదురు చెప్పినవాడు, చెప్పలేకపోయినవాడు

ఆదివారం, రాత్రి

పొద్దున్నుంచీ ముసురే. ఉతికిన బట్టలు ఆరలేదు, బయటికి వెళ్ళాల్సిన పనీ లేదు. భోజనాలయ్యాక తమ్ముడు టీవీలో 'బ్లాక్ పాంథర్' పెట్టాడు. 2018లో హాల్లో చూసినప్పుడు నా కళ్ళన్నీ వకాండా అనే ఆ ఊహా ఆఫ్రికన్ రాజ్యం హంగుల మీదే ఉండిపోయాయి. ఇవాళ మాత్రం విలన్ ఎరిక్ కిల్‌మాంగర్ మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయాను. సగం సినిమాలో తమ్ముడు "అక్కా, వీడు అడిగేదాంట్లో తప్పేముంది?" అన్నాడు. తప్పేం లేదు. వైబ్రేనియం అనే అద్భుత లోహం, అంత సైన్సు పెట్టుకుని, బయట నల్లవాళ్ళని బానిసలుగా అమ్ముతుంటే వకాండా తలుపులేసుకుని కూర్చుంది. హీరో టిచాలా దగ్గర దానికి జవాబు లేదు.

ఇద్దరి కథా ఒక్క హత్య దగ్గరే మొదలైంది. 1992, అమెరికాలోని ఓక్లాండ్. ఎరిక్ కింద బాస్కెట్‌బాల్ ఆడుకుంటుంటే పైన ఫ్లాట్‌లో వాళ్ళ నాన్న ఎన్‌జోబుని సొంత అన్న, వకాండా రాజు టిచాకా చంపేశాడు. పిల్లాణ్ణి అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ రాజు కొడుకే టిచాలా. అతనికి సింహాసనం దక్కింది, దాంతోపాటు తనకి తెలియని ఆ పాపమూ అంటుకుంది. ఎరిక్‌కి దక్కింది తండ్రి శవం, వకాండా ఆయుధాలు బయటి నల్లవాళ్ళకి అందించాలన్న, సగంలో ఆగిపోయిన తండ్రి పని.

నన్ను పట్టేసింది పితృలోకం సీన్లు, అంటే రాజయ్యేవాడు ఒక మూలిక రసం తాగి చనిపోయిన పెద్దల్ని కలిసే సీన్లు. టిచాలా వెళ్తే విశాలమైన మైదానం, చెట్టు మీద చిరుతలు, రాజుల వరస. టిచాలాని ఓడించి రాజైన ఎరిక్ వెళ్తే అదే ఓక్లాండ్ ఇరుకు ఫ్లాట్. కిటికీలోంచి మాత్రం వకాండా ఆకాశం ఊదారంగులో మెరుస్తూ ఉంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ అతను మళ్ళీ ఆ చిన్నపిల్లాడైపోతాడు. నాకోసం కన్నీళ్ళు లేవా అని తండ్రి అడిగితే, ఇక్కడ అందరూ చస్తూనే ఉంటారు అంటాడు. ఎప్పుడో నిన్ను ఇంటికి తీసుకెళ్ళాల్సింది అని తండ్రి బాధపడతాడు. ఎరిక్ ఆ బాధని వినిపించుకోడు. దారి తప్పింది మనం కాదు, నీ ఇల్లే అంటాడు. లేచి వచ్చి ఆ మూలికల తోటంతా తగలబెట్టిస్తాడు, తన తర్వాత ఇంకెవరూ రాజు కాకుండా.

టిచాలా రెండోసారి వెళ్ళినప్పుడు మాత్రం తండ్రి ముఖం మీదే చెప్పేస్తాడు, నువ్వు తప్పు చేశావు, మీరందరూ తప్పు చేశారు అని. నాకు ఇద్దరి మధ్య అసలు తేడా ఇక్కడే కనిపించింది. టిచాలాకి తండ్రి మీద కోపం తెచ్చుకునే వీలుంది. చిన్నప్పటి నుంచీ తండ్రి చెయ్యి పట్టుకుని పెరిగినవాడు కాబట్టి, ఆ చెయ్యి వదిలినా పడిపోడు. ఎరిక్‌కి మిగిలిందే తండ్రి ఆశయం. దాన్ని ప్రశ్నిస్తే అతని దగ్గర ఇంకేం ఉంటుంది? కొడుకు ప్రాణం కాలిపోయినా ఆశయం ఆరకూడదని పట్టుదల.

ఆ పట్టుదల అతన్ని ఎక్కడికి తీసుకెళ్ళిందో చూడండి. మొదట్లో లండన్ మ్యూజియంలో, ఈ వస్తువులు మీ పూర్వీకులు న్యాయంగా కొన్నారా అని తెల్లావిడని నిలదీస్తాడు. ఆ ప్రశ్నకి నా ఒళ్ళు పులకరించింది. అదే మనిషి సింహాసనం ఎక్కి, వకాండా సామ్రాజ్యంలో రవి అస్తమించడు అంటాడు. బ్రిటిష్ వాళ్ళ గురించి మనం బళ్ళో చదువుకున్న మాటే! ఎవరి దోపిడీని తిట్టాడో వాళ్ళ మాటే నోట్లోకి వచ్చేసింది.

సినిమా మీద నాకొక ఫిర్యాదుంది. ఎరిక్ చేత ప్రేమించిన పిల్లని చంపించారు, పెద్దావిడ గొంతు పట్టించారు. అవి లేకపోతే హాలంతా అతని వైపే ఉండేదని దర్శకుడు ర్యాన్ కూగ్లర్‌కి తెలిసే ఉంటుంది. తను పుట్టింది కూడా ఓక్లాండ్‌లోనే.

చివర్లో టిచాలా ఆ పాత బిల్డింగే కొని వకాండా సహాయ కేంద్రం పెడతాడు. ఎరిక్ వచ్చి తన్ని లేపకపోతే అది జరిగేది కాదు. ఆ కేంద్రానికి ఎన్‌జోబు పేరు పెట్టి ఉంటే నాకు ఇంకా తృప్తిగా ఉండేది.