అద్దం లేని ఫోటో

ఫ్రేము కట్టకుండా ఫోటో పెట్టాలనుకుంటే నేను మొదట చూసుకునేది ఒక్కటే. ఇది పాడైతే మళ్ళీ ప్రింటు వేసుకోగలనా, లేదా? జిగురు, అట్ట, అంచులు అన్నీ దాని తర్వాతే.

నా దగ్గర రెండు రకాలూ ఉన్నాయి. ఒకటి, నేను తీసి ఇంట్లో ఇంక్‌జెట్ మీద వేసుకునేవి. ఇంకొకటి, మా నాన్న డార్క్‌రూమ్‌లో స్వయంగా కడిగిన బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లు. వాటి నెగెటివ్‌లు మిగల్లేదు, కాబట్టి మళ్ళీ వేసుకోలేను. అద్దం మీద ట్యూబులైటు మెరవడం నాకు పరమ చిరాకు కాబట్టి రెండింటినీ అద్దం లేకుండానే పెడతాను, కానీ ఒకే పద్ధతిలో కాదు.

నావైతే మొహమాటం లేకుండా అంటించేస్తాను. ఫోమ్ బోర్డు తేలికే గానీ, ఒకవైపే కాగితం అంటిస్తే అది లాగి బోర్డు వంగుతుంది. వెనకవైపు కూడా అదే మందం కాగితం అంటిస్తే లాగుడు సరిపోతుంది. అంతకన్నా నాకు ఇష్టం అల్యూమినియం కాంపోజిట్ షీటు. రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్, మొత్తం 3 మిల్లీమీటర్లు, తిన్నగా నిలబడుతుంది. వెనక చిన్న చెక్క చట్రం పెడితే గోడకు కాస్త ఎడంగా నిలిచి చుట్టూ సన్నటి నీడ పడుతుంది. ఆ నీడే నాకు ఫ్రేము. అద్దం లేదు కనుక వేలిముద్రలు, ఎండ, గాలి అన్నీ నేరుగా ప్రింటుకే తగులుతాయి. వెలిసిపోతే ఇంకోటి వేసుకుంటాను.

నాన్న ప్రింట్ల మీద మాత్రం జిగురు చుక్క పడనివ్వను. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ కూడా డ్రై మౌంటే (వేడికి కరిగే జిగురు పొరతో ప్రింటును అట్టకు అంటించడం) చేసేవారు కదా అని ఒక స్నేహితుడు ఎప్పుడూ వాదిస్తాడు. నిజమే, చేసేవారు. ఆయన చేతిలో నెగెటివ్ ఉండేది.

నాన్న ప్రింట్లు ఫైబర్ పేపర్ మీదవి, అంటే ప్లాస్టిక్ పూత లేని ఫోటో కాగితం. దాని మీద ఉండే జెలటిన్ పొర ఆరినప్పుడు ముడుచుకుంటుంది, దాంతో ప్రింటు చుట్టుకుపోతుంది. దాన్ని అంటించకుండా తిన్నగా ఉంచేది మ్యాటే, అంటే ప్రింటు చుట్టూ ఉండే అట్ట చట్రం. రెండు అట్టలు తీసుకుని, పొడుగు అంచున లినెన్ టేపుతో కలుపుతాను, పుస్తకంలా తెరుచుకుంటాయి. పై అట్టలో బొమ్మ కనిపించేలా కోసిన కిటికీ. కింది అట్ట మీద ప్రింటు, దాని నాలుగు మూలల్లో మడిచిన కాగితపు కార్నర్లు. అంటుకునేవి ఆ కార్నర్లే, అట్టకే. వాటిని ఒక వెంట్రుకవాసి వదులుగా పెట్టాలి. చెమ్మ పట్టినప్పుడు కాగితం సాగుతుంది, సాగడానికి చోటు లేకపోతే మధ్యలో ఉబ్బుతుంది. ప్రింటును సెల్లో టేపుతో నాలుగువైపులా బిగించేవాళ్లను చూస్తే నాకు చెయ్యి పట్టుకుని ఆపాలనిపిస్తుంది.

కొలతలు కాగితం మీద వేసుకోకుండా బ్లేడు ముట్టుకోను. 20×30 సెంటీమీటర్ల నిలువు ప్రింటు అనుకోండి. ప్రతి అంచునా 3 మిల్లీమీటర్లు మ్యాట్ కిందకి పోవాలి, అంటే కిటికీ 19.4×29.4. అట్ట 35×45 అయితే పక్కలు చెరి 7.8. నిలువుగా మిగిలేది 15.6, దాన్ని సగం చెయ్యను. పైన 7.3, కింద 8.3 ఇస్తాను. సమానంగా పంచితే బొమ్మ కిందికి జారినట్టు కనిపిస్తుంది, ఎందుకో గానీ కంటికి అంతే.

కోత వెనకవైపు నుంచి, 45 డిగ్రీల ఏటవాలుగా. కింద పాత అట్టముక్క, ప్రతి మ్యాట్‌కీ కొత్త బ్లేడు. మొద్దుబారిన బ్లేడు అట్టను కొయ్యదు, పీకుతుంది. మూల దగ్గర గీతను కాస్త దాటించి ఆపాలి, లేదంటే లోపలి ముక్క అక్కడ పట్టుకుని చిరుగుతుంది. దాటిన గాటును చెంచా వెనకభాగంతో రుద్దితే అణిగిపోతుంది.

అట్ట విషయంలో పిసినారితనం వద్దు. మామూలు అట్టలో ఉండే లిగ్నిన్ అనే చెక్క పదార్థం కాలం గడిచేకొద్దీ ఆమ్లంగా మారి ప్రింటును పసుపు చేస్తుంది. పూర్తి నూలు అట్ట వాడతాను. 'యాసిడ్ ఫ్రీ' అని రాసుంటే చాలదు, ఐఎస్‌ఓ 18916 పరీక్ష నెగ్గిందా అని చూస్తాను. అందులో అట్టను వెండి పొరకు ఆనించి, 70 డిగ్రీల వేడిలో, దట్టమైన చెమ్మలో 15 రోజులు ఉంచి మరకలు పడ్డాయా, రంగు పోయిందా అని చూస్తారు. సయనోటైప్, అంటే ఇనుప లవణాలతో నీలం రంగులో వేసే ప్రింట్లు, వేసేవాళ్లకు ఒక మాట. కాల్షియం కార్బొనేట్ కలిపిన అట్ట మీకు పనికిరాదు, క్షారం తగిలితే ఆ నీలం వెలిసిపోతుంది.

గోడకు అరలా ఒక పలక బిగించి, మ్యాట్ కట్టిన నాన్న ప్రింట్లను దాని మీద ఆనిస్తాను. మ్యాట్ ఒక్కటే అలా ఆనితే కొన్నాళ్లకు నడుం వంచుతుంది కాబట్టి వెనక ఇంకో మందపాటి అట్ట జోడిస్తాను. వేలాడదీయాలంటే క్లిప్పులు మ్యాట్ అంచునే పట్టాలి, పట్టేచోట కాగితం మడత ఒకటి పెట్టండి, గాటు పడదు. ఎండ నేరుగా పడే గోడ మాత్రం వద్దు. తీసి దాచేటప్పుడు కిటికీకీ ప్రింటుకీ మధ్య పల్చటి టిష్యూ వేస్తాను.