అవతలి గట్టుకు ఫోను

"ఫోను చేయడానికి నీకు ఎవరి అనుమతి కావాలి?" అని అడిగాడు మా సీనియర్ ఆపరేటర్. గొంతు పెంచలేదు. ఇక్కడివాళ్లు తిట్టేటప్పుడు కూడా వాతావరణం గురించి మాట్లాడినట్లే మాట్లాడతారు. అందుకే అది రెండు రోజులు తలలో తిరుగుతుంది.

కెనడాలో ఒంటారియో రాష్ట్రం దక్షిణపు కొసన, ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరి నీటి శుద్ధి కేంద్రంలో నా ఉద్యోగం. ఆగస్టు నెల, రాత్రి డ్యూటీ. సరస్సులో తేలే బోయా పంపే అంకెల్లో పాచి తాలూకు రంగుపదార్థం పెరుగుతోంది. ముడి నీటి పీహెచ్ కూడా మెల్లగా పైకి పోతోంది. పాచి తెప్పలుగా కట్టబోతోందనడానికి ఇవి తొలి గుర్తులు. కార్బన్ పొడి మోతాదు పెంచాను, నమూనాలు తీసి పెట్టాను, మేనేజరుకు కబురు చేశాను, సమయంతో సహా రిజిస్టరులో రాశాను. పొద్దున వచ్చినాయన రిజిస్టరు చదివి, గాలి మళ్లి ఉత్తరం నుంచి వీస్తోందని చూసి, "అవతలి గట్టుకు చెప్పావా?" అన్నాడు. అవతలి గట్టు అంటే ఒహాయో. అంటే అమెరికా. మేనేజరు చెబితే చేద్దామనుకున్నానన్నాను. దానికి వచ్చిందే ఆ ప్రశ్న.

చట్టం ప్రకారం నేను చేయవలసిందేదీ మిగల్లేదు. ఈ మాట ఆ రోజూ అన్నాను, ఇప్పుడూ అంటాను. శుద్ధి చేసిన నీటిలో తేడా కనిపిస్తే జిల్లా ఆరోగ్యాధికారికీ పర్యావరణ శాఖకూ వెంటనే ఫోను చేసి, మనిషితోనే మాట్లాడి చెప్పాలన్నది ఒంటారియో నిబంధన. దాని వెనక ఏడు చావులున్నాయి. 2000 మే నెలలో వాకర్టన్ అనే ఊళ్లో కుండపోత వానకు పశువుల పేడ ఒక బోరుబావిలోకి దిగింది. అయిదు వేల జనాభా ఉన్న ఆ ఊళ్లో, పరిసరాల్లో రెండు వేల మందికి పైగా జబ్బుపడ్డారు. నీటి పరీక్ష ఫలితం చెడ్డగా వచ్చిందని తెలిసీ, ఆరోగ్య శాఖవాళ్లు ఫోను చేసి అడిగినప్పుడు అక్కడి మేనేజరు నీళ్లు బాగానే ఉన్నాయన్నాడు. లైసెన్సు పరీక్షకు చదివేటప్పుడు ఈ కథ మాకు పురాణంలా చెబుతారు. కాని మన ముడి నీటిలో పాచి పెరుగుతుంటే పక్క దేశపు ఊరికి చెప్పమని ఆ నిబంధన అడగదు. అది గోడమీద అతికించిన కాగితం అడుగుతుంది. అందులో చుట్టుపక్కల నీటి కేంద్రాల రాత్రి డ్యూటీ నంబర్లు ఉంటాయి. సగం మన వైపువి, సగం వాళ్ల వైపువి.

ఆ కాగితానికి ఇంత విలువ రావడానికి కారణం ఒహాయోలోని టొలీడో నగరం. 2014 ఆగస్టు 2, శనివారం, తెల్లవారకముందే ఆ నగరం తన జనానికి కుళాయి నీళ్లు తాగవద్దని చెప్పింది. మరిగించినా లాభం లేదు, మరిగిస్తే పాచి విడిచే మైక్రోసిస్టిన్ అనే విషం ఇంకా చిక్కబడుతుంది. రోజూ ఆ కుళాయి నీళ్లు తాగే నాలుగైదు లక్షల మంది సీసాల కోసం దుకాణాల మీద పడ్డారు. సోమవారం మేయరు అందరి ముందూ ఒక గ్లాసు కుళాయి నీళ్లు తాగి ఆంక్ష ఎత్తేశాడు. అదే వేసవిలో సరస్సు మధ్యలో, మా కెనడా సరిహద్దులో ఉన్న పీలీ ద్వీపంవాళ్లకూ నీళ్లు ముట్టుకోవద్దని చెప్పవలసి వచ్చింది. పాచికి పాస్‌పోర్టు అక్కరలేదని మా సీనియర్ అప్పుడప్పుడూ అంటుంటాడు. వాడి వాడి అరిగిన హాస్యమే అయినా నిజం.

ఆ సెప్టెంబరులోనే రెండు దేశాల మేయర్లు షికాగోలో కూర్చుని తాగునీటి గురించి మాట్లాడుకున్నారు. అప్పటికే వాళ్లకొక సంఘం ఉంది. మహా సరస్సులు, సెయింట్ లారెన్స్ నది ఒడ్డున ఉన్న ఊళ్ల మేయర్ల సంఘం. 2003లో షికాగో మేయరు రిచర్డ్ ఎం. డేలీ మొదలుపెట్టాడు, టొరంటో మేయరు డేవిడ్ మిల్లర్ తోడయ్యాడు. ఇప్పుడు రెండు వందలకు పైగా ఊళ్లు అందులో సభ్యులు. ఢిల్లీ లాంటి పై ప్రభుత్వాల అనుమతి కోసం ఎదురుచూడకుండా, ఒక దేశపు పురపాలక సంఘం ఇంకో దేశపు పురపాలక సంఘంతో కలిసి తీర్మానాలు చేస్తుంది, కలిసి రాజధానులకు వెళ్లి గొడవ పెడుతుంది. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ఇది విని నమ్మలేదు.

ఎందుకు నమ్మలేదో చెప్పాలి. వలస రాకముందు పల్నాడులో ఒక మున్సిపాలిటీలో కాంట్రాక్టు ఏఈగా పనిచేశాను. సాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలితే వేసవి చెరువు నింపుకోవాలి, ఆ చెరువుతో జూన్ దాకా ఊరిని ఈదించాలి. కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారో మాకు తెలిసేది పత్రికలో చదివితేనే. డ్యాము నడిపే ఇంజనీరు మా ఊరికి గంటన్నర దూరంలో కూర్చునేవాడు. ఆయనకు ఫోను చేయాలంటే ముందు మా డీఈ, ఆ పైన కమిషనరు, ఆ పైన కలెక్టరు. 2014 తర్వాత ఆ డ్యాము నిర్వహణ తెలంగాణ చేతికి, శ్రీశైలం ఆంధ్ర చేతికి వెళ్లాయి. మధ్యన కృష్ణా నది యాజమాన్య బోర్డు ఒకటి వచ్చింది. దాంతో ఆ మెట్లకు ఇంకో నాలుగు మెట్లు కలిశాయి. 2023 నవంబరు 30న, తెలంగాణలో పోలింగ్ జరుగుతున్న రోజునే, ఆంధ్ర పోలీసులు సాగర్ మీదికి వెళ్లి ఇరవై ఆరు గేట్లలో పదమూడింటిని తమ అధీనంలోకి తెచ్చుకుని ముళ్లకంచె వేశారు. ఆ ఫోటోలు ఇక్కడ బ్రేక్ రూములో కూర్చుని చూశాను. పక్కనున్నాయన "మీ దేశంలో ఏదైనా యుద్ధమా?" అని అడిగాడు. కాదు, నీళ్లు అన్నాను. ఆ తర్వాత నాకు అన్నం దిగలేదు.

కాబట్టి ఆ ఆగస్టు పొద్దున, "ఎవరి అనుమతి కావాలి" అన్న ప్రశ్నకు నా దగ్గర చాలా పొడవైన జవాబుంది. చెప్పలేదు. ఇంటికొచ్చి చెప్పుకున్నాను. పప్పు తాలింపు వేస్తూ, గిన్నెలు కడుగుతూ, మా ఆయన నిద్రపోయాక కూడా.

నా జవాబులో మొదటిది ఇది: మీకు నీళ్లున్నాయి నాయనా. ఈ అయిదు సరస్సుల్లో భూమ్మీది ఉపరితల మంచినీటిలో అయిదో వంతు ఉంది. మీ గొడవంతా నీళ్లు శుభ్రంగా ఉన్నాయా లేదా అని. మా గొడవ ఉన్నాయా లేవా అని. మురికి గురించి పొరుగువాడిని హెచ్చరించడం తేలిక, ఆ ఫోనుతో మీ చెరువులో చుక్క తగ్గదు. కృష్ణలో ఏ గేటు ఎత్తినా ఇంకొకరి చెరువు తగ్గుతుంది. మే నెలలో మీ ఈరీ సరస్సు మా సాగర్‌లా అడుగంటి, ఎండిన మట్టి బీటలు తేలితే, అప్పుడు ఆ గోడమీది కాగితం ఉంటుందో ఊడుతుందో చూద్దాం.

ఇది ఊరికే అక్కసుతో అనడం లేదు. వాకషా సంగతి ఉంది. విస్కాన్సిన్‌లో, మిషిగన్ సరస్సుకు ముప్పై కిలోమీటర్ల లోపే ఉన్న పట్టణం. బోరునీళ్లలో రేడియం ఉందని సరస్సు నీళ్లు అడిగింది. కాని ఆ ఊరు సరస్సుల పరీవాహక ప్రాంతం గీతకు అవతల ఉంది. గీత దాటి నీళ్లు పోకూడదని ఎనిమిది అమెరికా రాష్ట్రాలు 2008లో అమల్లోకి తెచ్చిన ఒప్పందం ఉంది, ఒంటారియో, క్యుబెక్‌లతో దానికి జంట ఒడంబడిక ఉంది. వాడుకున్న నీటిని శుద్ధి చేసి తిరిగి సరస్సుకు పంపుతామన్నాక 2016 జూన్‌లో ఎనిమిది మంది గవర్నర్లూ సరేనన్నారు. అప్పుడు అడ్డుపడింది ఎవరు? ఈ మేయర్ల సంఘమే. రెండు దేశాల మేయర్లూ కలిసి, మళ్లీ విచారణ జరపాలని పట్టుబట్టారు. 2017లో రాజీ కుదిరింది, 2023 అక్టోబరులో మిల్వాకీ నుంచి వాకషాకు నీళ్లు వెళ్లాయి. తీసుకున్నంతా తిరిగి ఇస్తామన్న ఒక్క ఊరికి ఇంత రభస.

మా సీనియర్‌తో ఈ మాట అన్నాను. "గీత గీతే. ఈరోజు వాకషా, రేపు ఎడారి అరిజోనా" అన్నాడు. సరస్సుకు పక్షాలుండవని నాకు పాఠం చెప్పిన మనిషే ఈయన! నేనూ ఊరుకోలేదు. మద్రాసు సంగతి చెప్పాను. కృష్ణ తమిళనాడులోకి అడుగుపెట్టదు. అయినా 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా అయిదు టీఎంసీలు ఆ నగరం దాహానికి వదులుకున్నాయి. 1983లో ఎన్టీఆర్, ఎమ్జీఆర్ కాలంలో ఒప్పందం కుదిరి, తెలుగు గంగ కాలువ తవ్వి, 1996లో పూండి చెరువుకు నీళ్లు చేర్చారు. గట్లు పాడై నీళ్లు ఇంకిపోతుంటే పుట్టపర్తి ట్రస్టు డబ్బుతో బాగుచేశారు. పరీవాహక ప్రాంతం గీత అవతలికి, కరువు సీమ గుండా, నీళ్లు చాలని నదిలోంచి. మీరు ఒక్క వాకషాకు ఇన్నేళ్లు ఆలోచించారు. ఆయన కాసేపు ఆలోచించి, "అది రాష్ట్రాలు చేసింది కదా. ఊళ్లు కాదు" అన్నాడు. అదే నాకు ఒళ్లు మండించింది, ఎందుకంటే అది నిజం.

ఇక్కడి మేయర్ల చేతిలో కూడా పెద్ద శక్తేమీ లేదని ఈ మధ్య నాకు అర్థమవుతోంది. పాచికి మేత ఫాస్ఫరస్. అది వచ్చేది ప్రధానంగా మామీ నది వెంట, ఒహాయో మొక్కజొన్న, సోయా పొలాల ఎరువులోంచి, పశువుల పేడలోంచి. మా వైపు నుంచీ ఒంటారియోలోని థేమ్స్ నది వెంట వస్తుంది, లీమింగ్టన్ గ్రీన్‌హౌసుల కాలువల్లోనూ వస్తుంది. అక్కడ టమాటాలు కోసేది మెక్సికో, జమైకాల నుంచి వచ్చిన కూలీలు, వాళ్ల కథ ఇంకోసారి. ఎరువు ఎంత వేయాలో రైతుకు చెప్పే అధికారం ఏ మేయరుకూ లేదు. 2015లో ఒహాయో, మిషిగన్, ఒంటారియో కలిసి 2025 నాటికి ఫాస్ఫరస్‌ను నలభై శాతం తగ్గిస్తామని సంతకాలు చేశాయి. గడువు దాటింది, అంత తగ్గలేదు. పొలాల్లో ఎవరో వేసిన దానికి కార్బన్ పొడి కొనేది మాత్రం ఊళ్లే. చివరకు మిగిలిన అధికారం ఒకరినొకరు హెచ్చరించుకోవడమే. అంతెందుకు, విషం ఎంత ఉంటే ప్రమాదమన్న అంకె కూడా రెండు గట్లకూ ఒకటి కాదు. మాకు లీటరుకు 1.5 మైక్రోగ్రాములు, అవతల పెద్దవాళ్లకు 1.6, ఆరేళ్లలోపు పిల్లలకు 0.3.

స్నేహం కూడా ఖర్చు లెక్కలకు లోబడిందే. మాకు దగ్గరి నగరం విండ్సర్, నదికి అవతల డెట్రాయిట్. 1930లో నది కింద తెరిచిన సొరంగంలో ఒక సగం ఈ నగరానిది, ఒక సగం ఆ నగరానిది. 1967లో డెట్రాయిట్ తగలబడుతుంటే విండ్సర్ అగ్నిమాపక సిబ్బంది వెళ్లి మంటలార్పారు. ఆ సొరంగంలో విండ్సర్ నడిపిన సిటీ బస్సు 2025 ఆగస్టు 31న ఆగిపోయింది. సుంకాల గొడవ ఒకటి, ఖర్చు ఒకటి. కాబట్టి నేను మరీ కళ్లు తిరిగి మెచ్చుకోవడం లేదు.

అయినా ఆ ప్రశ్న వదల్లేదు. ఒక ఆదివారం మా అక్కావాళ్లతో మాట్లాడుతూ బావగారికి చెప్పాను. ఆయన ఇరిగేషన్‌లో డీఈ. అంతా విని నవ్వారు. "మాకు నంబర్లు లేవనుకున్నావా అమ్మా? అటువైపు గేట్ల దగ్గరుండే అతనూ నేనూ ఒకే కాలేజీ, ఒకే హాస్టలు. వరద వస్తుంటే అర్ధరాత్రి నాకు మొదట చెప్పేది అతనే. బోర్డు ఉత్తరం మూడు రోజుల తర్వాత వస్తుంది." మరి ముళ్లకంచె వేసిన రోజు? "ఆ రోజు కూడా మాట్లాడుకున్నాం. అన్నం తిన్నావా అని అడిగాడు." ఈ సంగతి ఎక్కడా ఎవరికీ చెప్పకు అన్నారు. ఆయన ఏ ఊళ్లో ఉంటారో రాయడం లేదు కాబట్టి మాట తప్పినట్లు కాదనుకుంటున్నాను.

మర్నాడు డ్యూటీకి ఎప్పటికన్నా ముందే వెళ్లాను. మావాళ్లూ ఫోన్లు చేసుకుంటారని, మీ నంబర్లు గోడమీద ఉంటే మావి జేబులో ఉంటాయని కాస్త గర్వంగానే చెప్పాను. సీనియర్ శ్రద్ధగా విన్నాడు.

"మంచిదే. మరి రిజిస్టరులో ఎందుకు రాయరు?"

"రాస్తే బదిలీ చేస్తారు."

ఆయనకు అర్థం కాలేదు. బదిలీ అంటే ఏమిటో, అది శిక్ష ఎలా అవుతుందో చెప్పడానికి టీ విరామమంతా పట్టింది. మునిసిపల్ కమిషనరు మేయరు మనిషి కాదని, రాజధాని పంపిన అధికారి అని, ఏఈ నుంచి డీఈ దాకా ఎవరినైనా రాత్రికి రాత్రి శ్రీకాకుళం పంపవచ్చని వివరించాను. ఇక్కడ మా జీతం ఇచ్చేది ఈ ఊరే. ఈ మేయరుకు కోపం వచ్చినా మమ్మల్ని పంపడానికి ఇంకో ఊరు లేదు.