చలిదేశంలో అరిసెల పాకం

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు సంక్రాంతికి మన ఇంట్లో అరిసెలు, పక్కింటి ఒడియావారి దగ్గర పొయ్యి ఎక్కించకుండా నానిన కొత్తబియ్యం, బెల్లం, కొబ్బరి కలిపే మకర చౌళ. విదేశంలో ఆ రోజు సెలవుండదు. అందుకే క్రిస్మస్ సెలవుల్లోనే అరిసెలు వండేయండి, పండుగదాకా నిలవుంటాయి.

కిలో బియ్యం రోజంతా నానాలి, మధ్యలో నీళ్లు మార్చాలి. వడకట్టి, తడి ఆరకముందే పిండి పట్టాలి. దుకాణంలో దొరికే పొడిపిండి వద్దే వద్దు, పాకమంతా పీల్చేసి అరిసె పగులుతుంది. బెల్లం ముప్పావు కిలో. పాకం చుక్క చన్నీళ్లలో వేస్తే మెత్తగా ఉండ కట్టాలి. లేతపాకమైతే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే రాయే!

పాకంలో పిండి కలిపితే చలిమిడి. అక్కడి చలికి అది చప్పున బిగుసుకుంటుంది. గిన్నెను వేడినీళ్లలో ఉంచి, తడిబట్ట కప్పి, ఉండకు సరిపడా మాత్రమే తీసి నువ్వులద్ది ఒత్తండి. మూకుడులోంచి తీయగానే రెండు గరిటెల మధ్య నూనె పిండేయాలి, ఆరితే దిగదు.