టీకా రోజు, పాప బండి

బుధవారం

ఈరోజు బుజ్జమ్మకి పది వారాల టీకా. ఆయనకి ఆఫీసులో రిలీజ్ ఉందని పొద్దున్నే వెళ్ళిపోయారు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, అంత దూరం నడవలేరు. ఆరోగ్య కేంద్రం మా వీధి నుంచి కిలోమీటరు కూడా ఉండదు. ఆ కాస్త దూరానికి ఆటోవాళ్ళు రారు. వచ్చినా ఆ గతుకుల్లో ఒక చేత్తో పాపని, ఇంకో చేత్తో కమ్మీని పట్టుకుని కూర్చోవాలి. అందుకే బండిలో పడుకోబెట్టుకుని నడిచి వెళ్తానని రాత్రే చెప్పేశాను.

"పసిగుడ్డుని బండిలో వేసి రోడ్డు మీద తోసుకెళ్తావా తల్లీ? ఎత్తుకుంటే వెచ్చగా ఉంటుంది కదా" అన్నారు అత్తయ్య. కోపంతో కాదు, భయంతో. "ఇంటికి రాగానే మీ ఒళ్ళోనే పెడతాను అత్తయ్యా" అన్నాను. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. పాప అరికాల్లో కాటుక చుక్క పెట్టి, బండి హ్యాండిల్‌కి కూడా ఒక నల్లదారం కట్టారు. కట్టనిచ్చాను.

ఆపరేషన్ అయ్యాక ఆరు వారాల పాటు పాప బరువుకి మించి ఏదీ ఎత్తొద్దని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. అమ్మ వచ్చి నెల రోజులు దగ్గరుండి చూసుకుంది. పథ్యం వంటలు, వేడినీళ్ళ స్నానాలు, సాంబ్రాణి పొగ, ఏ లోటూ చెయ్యలేదు. కానీ నా లోకమంతా ఒక గది, హాలు, బాల్కనీ. పాపని చూడ్డానికి అందరూ వస్తున్నారు, నేను మాత్రం ఎక్కడికీ వెళ్ళలేను. పాపని ఎత్తుకోవడానికి ఒకరు తోడొస్తే తప్ప గేటు దాటలేకపోవడం లోపల్లోపల దిగులుగా ఉండేది. సాయంత్రం అయ్యేసరికి ఊరికే ఏడుపొచ్చేది. నాకు బండి కావాలనుకున్నది పాప కోసం ఎంతో నా కోసమూ అంతే. ఈ మాట ఇంట్లో కూడా దాచకుండానే చెప్పాను.

బారసాలకి ఉయ్యాల పెట్టడం పుట్టింటివాళ్ళ లాంఛనం. అత్తయ్య వాళ్ళ పాత టేకు ఉయ్యాల ఉంటే దానికే పాలిష్ పెట్టించాం. ఉయ్యాలకి పెట్టాల్సిన డబ్బు బండికి పెట్టుకోమని నాన్న నా చేతికిచ్చారు.

కొనడానికి ఆయనా నేనూ ఒక ఆదివారం వెళ్ళాం. షాపులో కన్వర్టిబుల్, అంటే అవసరాన్ని బట్టి మార్చుకునేవి, అనే పేరుతో రకరకాల బండ్లు చూపించారు. మొదటి రకంలో సీటు కదలదు, హ్యాండిల్‌ని ఇటు నుంచి అటు తిప్పుతారు. అలా పాప ముఖం మనవైపు ఉంటుంది. తేలిగ్గా ఉంది, ధరా తక్కువే. సేల్స్ అబ్బాయి అందులో ఒక బొమ్మని పడుకోబెట్టి చూపించాడు. బొమ్మకి బరువేముంటుంది? పక్క కిరాణా కొట్లోంచి ఐదు కిలోల గోధుమపిండి ప్యాకెట్ తెప్పించి అందులో పెట్టమన్నాను. హ్యాండిల్ తిప్పి తోస్తే తేడా వెంటనే తెలిసింది. అన్ని వైపులా తిరిగే ముందు చక్రాలు ఇప్పుడు నా కాళ్ళ దగ్గరికొచ్చాయి, తిరగని చక్రాలు ముందుకి పోయాయి. తిన్నగా తోస్తున్నంతసేపు బాగానే ఉంది కానీ, మలుపు దగ్గర బండి వెనక భాగం పక్కకి జారుతోంది. షాపులోని నున్నటి టైల్స్ మీదే ఇలా ఉంటే మా వీధిలో ఒంటి చేత్తో తిప్పడం అయ్యే పని కాదు.

రెండో రకంలో సీటే ఊడొస్తుంది. రెండు పక్కలా బటన్లు నొక్కి పైకెత్తి, అటు తిప్పి మళ్ళీ ఫ్రేములో కూర్చోబెట్టాలి. చక్రాలు ఎప్పుడూ వాటి చోట్లోనే ఉంటాయి. సీటు కింద ఉన్న రెండు బకిల్స్ వదిలితే గుడ్డ సాగి, అడుగు చదునుగా పరుచుకుని తొట్టెలా అవుతుంది. పాప మెడ నిలిపి కూర్చునే వయసుకి, అంటే ఆరు నెలల ప్రాంతానికి, అవే బకిల్స్ బిగిస్తే కుర్చీ. బండి బరువు తొమ్మిది కిలోలు, ధర పదకొండు వేలు.

మూడో రకంతో పాటు కారు సీటు కూడా వస్తుంది. చూడ్డానికి చాలా బాగుంది, పన్నెండు కిలోల పైమాటే. మాకు కారు లేదు. క్యాబ్ బుక్ చేస్తే డిక్కీలో సగం సీఎన్‌జీ సిలిండరే ఉంటుంది. మడిచినా అంత పెద్ద బండి అందులో పట్టదు.

నేను అన్నిటికన్నా పట్టుబట్టింది అడుగు చదునుగా ఉందా లేదా అని. ఈ వయసు పిల్లలకి మెడ నిలవదు. ఏటవాలుగా కూర్చోబెడితే తల ముందుకి పడి గడ్డం ఛాతీకి ఆనుతుంది, ఊపిరి ఆడే దారి ఇరుకైపోతుంది. ఏడవలేరు, చెప్పలేరు. పెట్టె మీద 'పుట్టిన రోజు నుంచి' అని రాసి ఉన్న ఒక బండిలో పూర్తిగా వాల్చాక అరచెయ్యి పెట్టి చూశాను. నడుము దగ్గర గుంట పడుతోంది. అక్షరాలు ఏం చెప్పినా చేతికి తెలిసిందే నమ్మాను. రెండో రకం తీసుకున్నాం.

రాత్రుళ్ళు పాలిస్తూ ఫోన్‌లో వీటి గురించి చదువుతూ ఉండేదాన్ని. బిడ్డ ముఖం తల్లివైపుకి తిరిగేలా బండి చెయ్యాలన్న ఆలోచనకి 1889లోనే అమెరికాలో విలియం రిచర్డ్‌సన్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నారట. పూర్తిగా మడతపడే తేలికపాటి బండి 1965లో రూపుదిద్దుకుంది. దాన్ని చేసిన ఓవెన్ మెక్లారెన్ ఇంగ్లండులో విమానాల ఇంజినీరు, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల అమరిక మీద పనిచేసిన మనిషి. కూతురు తన పాపని బరువైన బండిలో తిప్పలేక అవస్థ పడుతుంటే చూసి, అల్యూమినియం గొట్టాలతో మూడు కిలోలు కూడా లేని బండి తయారుచేశారు. ఆ వార్త చదివినప్పుడు నాకు బారసాల రోజు నోట్లు మడిచి నా చేతిలో పెట్టిన నాన్నే గుర్తొచ్చారు.

ఇక ఈరోజు సంగతి. తొమ్మిదింటికి బయల్దేరాం. లిఫ్టులో బండి సరిగ్గా పట్టింది. అసలు పరీక్ష మా అపార్ట్‌మెంట్ ముందున్న రెండు మెట్ల దగ్గర. మెట్లు దిగేటప్పుడు నేను వీధికి వీపు పెట్టి ముందు దిగుతాను. వెనక చక్రాలు రెండూ మెట్టు అంచుకి సమానంగా ఆనించి, హ్యాండిల్‌ని నావైపుకి కొద్దిగా వంచి, ఒక్కొక్క మెట్టూ మెల్లగా దించాలి. పాప తల వైపే ఎత్తులో ఉండాలి, బెల్టు పెట్టే ఉండాలి. దించడం వరకు పర్వాలేదు, ఎక్కించేటప్పుడు మాత్రం కుట్ల దగ్గర ఇంకా లాగుతుంది. వాచ్‌మన్ భార్య చూసి ముందు వైపు పట్టుకుంది.

రాత్రి వాన పడింది. మా వీధికి ఫుట్‌పాత్ ఉందనే చెప్పాలి, కానీ దాని మీద బైకులు, ఒక టిఫిన్ బండి, ట్రాన్స్‌ఫార్మర్, మధ్యలో స్లాబు లేచిపోయిన కాలువ. నడవాల్సింది రోడ్డు మీదే. నేను కుడివైపు అంచున వెళ్తాను, ఎదురుగా వచ్చే బండ్లు నాకు కనిపిస్తాయి. నీళ్ళు నిలిచిన చోటికి అస్సలు పోను, కింద ఎంత లోతుందో తెలీదు కదా. స్పీడ్ బ్రేకర్ రాగానే హ్యాండిల్ మీద బరువు వేసి ముందు చక్రాలు లేపి ఆనించాలి. కంకర తేలిన చోట ముందు చక్రాల్ని తిరక్కుండా లాక్ చెయ్యాలి, లేకపోతే ప్రతి రాయికీ అడ్డం తిరుగుతాయి. ఇవన్నీ ఎవరూ నేర్పలేదు, చేతులే నేర్చుకున్నాయి.

టిఫిన్ బండి దగ్గర ఒక పెద్దావిడ ఆపి, "దుమ్ము పడుతోందమ్మా, పైన తువ్వాలు కప్పు" అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ పైనంతా గుడ్డ కప్పితే లోపల గాలి ఆడదు, చూస్తూ చూస్తూ వేడెక్కిపోతుంది, పాప ఎలా ఉందో నాకూ కనబడదు. బండి పందిరి ముందుకి లాగి, దోమతెర వేసి ఉంచాను. అదే చాలని చెప్పి నవ్వాను. వాన కవరు బుట్టలోనే ఉంది. అదీ వాన పడుతున్నంతసేపే, ఆగగానే తీసెయ్యాల్సిందే.

బుజ్జమ్మ దారంతా మెలకువగానే ఉంది. వేపచెట్టు కింద కాసేపు ఆగాం. ముందు ఆకుల్ని చూసింది. తర్వాత కళ్ళు నెమ్మదిగా తిప్పుకుంటూ పందిరి అంచు దాకా వచ్చి, అక్కణ్ణుంచి నా ముఖం మీదికి వచ్చి ఆగింది. పెదవి కింద గుంట పడి, తర్వాత నోరంతా తెరిచి నవ్వింది. అలా నవ్వడం మొదలుపెట్టి ఎక్కువ రోజులు కాలేదు. ముఖం అటువైపు ఉండే బండి అయితే ఆ నవ్వు ఎదురుగా వచ్చే స్కూటర్లకి దక్కేది. కొన్నాళ్ళు పోతే తనే లోకం చూస్తానంటుంది, అప్పుడు తిప్పుతాను. ఇప్పుడు మాత్రం నావైపే.

ఆరోగ్య కేంద్రంలో రద్దీగా ఉంది. మా దగ్గర బుధ, శనివారాలు టీకాల రోజులు. బండికి బ్రేకు వేసి గోడ వారగా పెట్టాను. నేల చదునుగానే ఉంది కదా అని ఎప్పుడూ బ్రేకు మానను. సంచీని హ్యాండిల్‌కి తగిలించడమూ లేదు, పాపని ఎత్తగానే ఆ బరువుకి బండి వెనక్కి పడుతుంది. సిస్టర్ గారు కార్డు చూసి, నోట్లో పోలియో చుక్కలు, విరేచనాలు తెచ్చే వైరస్‌కి రోటా చుక్కలు వేశారు. ఎడమ తొడకి పెంటావాలెంట్ రెండో డోసు. ఆ ఒక్క సూదిలోనే కోరింత దగ్గు, ధనుర్వాతం, కంఠసర్పి, హెపటైటిస్ బి, హిబ్ (న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే బ్యాక్టీరియా) ఐదింటికీ మందుంది. ఎర్రగా కందిపోయి గుక్కపట్టి ఏడ్చింది. నాకూ కళ్ళు నిండాయి. ఒక మూల కూర్చుని పాలిచ్చి, వాళ్ళు చెప్పినట్టు అరగంట ఉన్నాం.

పక్కన ఒక అమ్మాయి, నాకన్నా చిన్నది, నాలుగు నెలల బాబుని ఎత్తుకుని చేతులు మార్చుకుంటోంది. బండి కేసి చూసి "ఎంతయిందక్కా?" అంది. పదకొండు వేలు అన్నాను. ఇంకేం అడగలేదు. నాకే మనసాగక, వాడినవి సగం ధరకి కూడా దొరుకుతాయని చెప్పాను. మడిచి తెరిచినప్పుడు లాకు టక్కున పడుతోందా, బరువు పెట్టి వాలు మీద నిలబెడితే బ్రేకు ఆగుతోందా, బెల్టు ఐదు చోట్లా బిగుస్తోందా, ఈ మూడూ చూసుకోమన్నాను. గుడ్డ మాసినా ఉతుక్కోవచ్చు. బాబుని కాసేపు మా బండిలో పడుకోబెట్టమంటే ముందు మొహమాటపడి, తర్వాత పడుకోబెట్టింది. భుజాలు ఒకసారి వెనక్కి విరుచుకుంది.

ఇంటికి రాగానే మాట ప్రకారం అత్తయ్య ఒళ్ళో పెట్టాను. "ఒక్కదానివే వెళ్ళొచ్చావా!" అని రెండుసార్లు అన్నారు. సాయంత్రానికి ఒళ్ళు కాస్త వెచ్చబడింది, తొడ దగ్గర గట్టిగా ఉంది. సిస్టర్ గారు చెప్పిన కొలత ప్రకారం జ్వరం చుక్కలు వేశాను, ఇప్పుడు పడుకుంది. ఉయ్యాల్లోనే. బండిలో రాత్రి నిద్ర వద్దు.

చక్రాల బురద కడిగి, ఆరబెట్టి, టేపు తీసుకుని కిందికి వెళ్ళాను. రెండు మెట్లూ కలిపి సరిగ్గా ఒక అడుగు ఎత్తు. చక్రాల కుర్చీకి వేసే వాలు అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలంటారు. గోడ పక్కన, పూలకుండీలు జరిపితే పదమూడు అడుగుల చోటుంది. మూడో అంతస్తు తాతగారు వాకర్‌తో ఆ మెట్ల దగ్గరే రోజూ ఆగిపోతున్నారు. ఆయన కొడుకుతో మాట్లాడాను, సరేనన్నారు. ఆదివారం అసోసియేషన్ మీటింగ్‌లో ఇద్దరం కలిసి అడుగుతున్నాం. పధ్నాలుగో వారం టీకా లోపు సిమెంటు ఆరిపోవాలి.