గెలిచిన సొమ్ము ఎవరి జేబులోంచి వచ్చింది?

వీడియో గేమ్ టోర్నమెంట్ల గురించి మన యువకులు అడిగే ప్రశ్న దాదాపు ఒకేలా ఉంటుంది. "ఇందులో అదృష్టం ఏముంది? నెలల తరబడి ప్రాక్టీస్ చేసి గెలుస్తున్నాం. ఇది జూదం ఎలా అవుతుంది?" అడగడంలో తప్పు లేదు. హలాల్, హరాం గురించి టెన్షన్ పడే మనసే ఇలా అడుగుతుంది. అయితే మన ఉలమాలు (ధర్మ పండితులు) ఈ విషయాన్ని వేరే చోట నుంచి చూశారు. ఆట ఎంత కష్టమైనదో చూసే ముందు, డబ్బు ఎవరిదో, ఓడితే ఎవరికి పోతుందో అడిగారు.

సూరా మాయిదా 90వ ఆయతులో సారాయి, జూదం, బలిపీఠాలు, జోస్యపు బాణాలు ఒకే వరుసలో వస్తాయి. ఇవన్నీ షైతాను పనులని, వీటికి దూరంగా ఉంటేనే సాఫల్యమని అల్లాహ్ విశ్వాసులకు చెప్పాడు. ఆనాటి అరబ్బుల జూదం ఎలా సాగేదో తెలిస్తే ఈ ఆయతు ఇంకా బాగా అర్థమవుతుంది. ఒంటెను కోసి మాంసాన్ని వాటాలు వేసేవారు. సంచిలోంచి 10 బాణాలు ఒక్కొక్కటిగా తీసేవారు. 7 బాణాలకు వాటాలుండేవి, 3 ఖాళీవి. ఖాళీ బాణం వచ్చినవాడికి మాంసం దక్కకపోగా ఒంటె ఖరీదు కూడా వాడి నెత్తినే పడేది. గెలిచినవాళ్లలో చాలామంది ఆ మాంసం తాము తినకుండా పేదలకు పంచేసేవారు, దాన్ని గొప్పగా చెప్పుకునేవారు.

నన్ను ఎప్పుడూ ఆపి ఆలోచింపజేసేది ఈ చివరి సంగతే. పేదల కడుపు నింపిన జూదాన్ని కూడా అల్లాహ్ నిషేధించాడు. వాటిలో ప్రజలకు కొంత లాభం ఉన్నా, పాపం ఆ లాభం కంటే పెద్దదని సూరా బఖరా 219వ ఆయతు ముందే చెప్పింది. కాబట్టి "ప్రైజ్ మనీలో కొంత దానం చేస్తాం కదా" అన్నంత మాత్రాన జూదం సొమ్ము హలాల్ అయిపోదు.

ఇక నైపుణ్యం సంగతి. దైవప్రవక్త (స) స్వయంగా గుర్రప్పందేలు పెట్టించారు. తర్ఫీదు ఇచ్చిన గుర్రాలను మదీనా దగ్గరి హఫ్యా నుంచి సనియ్యతుల్ వదా అనే చోటు దాకా, తర్ఫీదు లేనివాటిని అక్కడి నుంచి బనూ జురైఖ్ మసీదు దాకా పరుగెత్తించారు. ఆ పందేల్లో పాల్గొన్నవారిలో అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) కూడా ఉన్నారని బుఖారీ హదీసు గ్రంథం చెబుతుంది. గుర్రాన్ని మేపి, చెమట పట్టించి, బరువు తగ్గించి పందేనికి సిద్ధం చేయడం కన్నా కష్టమైన ప్రాక్టీస్ ఏముంటుంది? అయినా ఫిఖ్హ్ (ధర్మశాస్త్ర) పండితులు అక్కడా డబ్బు దారినే పరిశీలించారు. బహుమతి పాలకుడో, పందెంలో లేని మరొకరో ఇస్తే ధర్మసమ్మతం. పోటీదారుల్లో ఒక్కడే "నువ్వు గెలిస్తే నేనిస్తాను, నేను గెలిస్తే నువ్వేమీ ఇవ్వక్కర్లేదు" అన్నా ఎక్కువమంది ఒప్పుకున్నారు. ఇద్దరూ పెట్టి, గెలిచినవాడు మొత్తం పట్టుకుపోతే మాత్రం అది జూదమేనన్నారు. సొమ్ము పెట్టని మూడోవాడు కూడా పందెంలో దిగితేనే దాన్ని అనుమతించారు. ఇబ్న్ తైమియా, ఇబ్నుల్ ఖయ్యిమ్ అనే పండితులు ఆ మూడోవాడి షరతు అక్కర్లేదన్నారు. అయితే వాళ్లు ఆ వెసులుబాటు ఇచ్చింది గుర్రం, విలువిద్య, ధార్మిక జ్ఞానం వంటి పోటీలకు. కాలక్షేపం ఆటకు వాళ్ల మాటను సాక్ష్యంగా తేవడం న్యాయం కాదు.

అందుకే 10 మంది తలా 100 వేసి, ఆ 1000 గెలిచినవాడికిచ్చే టోర్నమెంట్ గురించి నాకు ఏ సందేహమూ లేదు. దానికి ఎంట్రీ ఫీజు అని పేరు పెట్టినా, యాప్‌లో వాలెట్ అని పిలిచినా అది పందెమే. ఫీజు సర్వర్లకు, నిర్వహణకు మాత్రమే ఖర్చయి, బహుమతి పూర్తిగా స్పాన్సర్ వంటి వేరే చోటి నుంచి వస్తే అది వేరే లెక్క. ఈ తేడా నిర్వాహకుల నియమాల్లోనే కనిపిస్తుంది, చేరేముందు చదవాలి. ఆ స్పాన్సర్ బెట్టింగ్ కంపెనీ అయితే మాత్రం ఆ గడప తొక్కకపోవడమే మంచిది.

స్పాన్సర్ బహుమతి మీద కూడా పండితులు ఒకే మాట మీద లేరు. "ఒంటె, గుర్రం, బాణం, వీటిలో తప్ప పందెపు బహుమతి లేదు" అని అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు ఉంది. దాన్ని ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నవారు, వీడియో గేమ్‌కు బయటివాళ్లిచ్చే డబ్బు కూడా వద్దంటారు. పోటీలో లేనివాడు ఇచ్చేది కానుక వంటిదని, ఆట హలాల్ అయితే అదీ హలాలేనని నేటి పండితుల్లో మరికొందరు అంటారు. ఆటగాడు పైసా ఒడ్డని చోట నా మనసు రెండో మాట వైపే మొగ్గుతుంది. కానీ మొదటి మాట విని ఆగిపోయినవాణ్ణి ఛాందసుడని ఎవరూ అనకూడదు, అతని చేతిలో హదీసు ఉంది.

డోటా 2 అనే వీడియో గేమ్‌కు 2021లో జరిగిన ది ఇంటర్నేషనల్ టోర్నమెంట్ బహుమతి మొత్తం 4 కోట్ల డాలర్లు దాటింది. అందులో చాలా భాగం అభిమానులు ఆటలోని అదనపు వస్తువుల కోసం కొన్న బ్యాటిల్ పాస్ అమ్మకాల నుంచే వచ్చింది. ఆటగాళ్లు ఒకరి సొమ్ము మీద ఒకరు పందెం కాయలేదు నిజమే. కానీ డబ్బిచ్చాక లోపల ఏముందో తెలిసే పెట్టెలను, అంటే లూట్ బాక్సులను అభిమాని కొంటున్నాడంటే, అక్కడ ఇంకో ప్రశ్న మొదలవుతుంది. ఏం దక్కుతుందో తెలియని అమ్మకాన్ని దైవప్రవక్త (స) నిషేధించారని ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. టోర్నమెంట్ గురించి ఇంత మథనపడే తల్లిదండ్రులు పిల్లలు కొనే లూట్ బాక్సులను చూసీచూడనట్టు వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది.

డబ్బు లెక్క తేలినా సూరా మాయిదా 91వ ఆయతు మిగిలే ఉంటుంది. సారాయి, జూదాల ద్వారా మీ మధ్య శత్రుత్వం, ద్వేషం రగిలించాలని, అల్లాహ్ స్మరణ నుంచి, నమాజు నుంచి మిమ్మల్ని ఆపాలని షైతాను కోరుకుంటున్నాడని చెప్పి, "ఇకనైనా మానుకుంటారా?" అని అడుగుతుంది. జూదం ఎందుకు చెడ్డదో అల్లాహ్ చెప్పిన ఈ కారణాల్లో డబ్బు నష్టం ప్రస్తావనే లేదు. గేమ్ చాట్‌లో అవతలివాడి తల్లిని తిట్టే నోరు, ఓడిన రాత్రి జట్టులో స్నేహితుడినే దొంగను చూసినట్టు చూసే కళ్లు, మ్యాచ్ మధ్యలో పాజ్ లేదు కాబట్టి జారిపోయే అస్ర్ నమాజు, దాని వెనకే మగ్రిబ్. రూపాయి బహుమతి లేని ఆటలోనూ ఇవన్నీ జరగొచ్చు. అప్పుడు దాన్ని జూదం అనకపోవచ్చు, కానీ షైతాను కోరుకున్నది అతనికి దక్కింది. బ్రాకెట్ (మ్యాచ్‌ల వరుస) టైమ్ చూసుకుని, నమాజు వేళ పడని స్లాట్ అడిగి తీసుకునే కుర్రవాళ్లూ ఉన్నారు. వాళ్ల మీద నాకు చాలా గౌరవం.

ఇదివరకే డబ్బు వేసి ఆడినవాళ్లు ఇప్పుడేం చేయాలి? అలా గెలిచిన సొమ్ము ఎవరిదో తెలిస్తే వాళ్లకు తిరిగి ఇవ్వాలి. తెలియకపోతే పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేసి తౌబా (పశ్చాత్తాపం) చేసుకోవాలి, పండితులు చెప్పే దారి ఇది. ఇక "రా, ఒక గేమ్ వేద్దాం, తలా కొంత పెడదాం" అని స్నేహితుణ్ణి పిలిచి, ఆడకుండానే ఆగిపోయినవాడికీ హదీసు ఉంది. "రా, నీతో జూదమాడతాను" అని తోటివాడితో అన్నవాడు సదఖా (దానం) ఇవ్వాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఆ మాట ఉంది.