పడుకున్నా తీరని అలసట: నాలుగో దశ క్యాన్సర్‌లో వ్యాయామంతో నా అనుభవం

రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకిందని తెలిసిన తరువాత నొప్పి కంటే అలసటే నన్ను ఎక్కువగా కుంగదీసింది. నొప్పికి మాత్ర ఉంది, వాంతులకు మాత్ర ఉంది. రాత్రంతా నిద్రపోయి లేచినా, పగలంతా మంచం మీదే గడిపినా, స్నానం చేసి చీర కట్టుకునేలోపే మళ్లీ కూలబడేలా చేసే ఈ నిస్సత్తువకు అలాంటి మాత్ర ఏదీ లేదు. సున్నా నుంచి పది వరకు కొలిస్తే మీ అలసట ఎంత అని ఆంకాలజిస్ట్ (క్యాన్సర్ వైద్యుడు) అడిగినప్పుడు ఏడు అని చెప్పాను. ఆ కొలతలో 4 నుంచి 6 వరకు మధ్యస్థమనీ, 7 నుంచి తీవ్రమనీ లెక్క.

ఆయన వెంటనే వ్యాయామం రాయలేదు. అది నాకు నచ్చింది. అలసటకు సరిదిద్దగల కారణాలు ఇంకేమైనా ఉన్నాయేమో ముందు వెతకాలన్నారు. రక్తహీనత, థైరాయిడ్ మందగించడం, నిద్ర సరిగా లేకపోవడం, మనసు కుంగిపోవడం, అదుపులో లేని నొప్పి, మగతనిచ్చే మందులు, వీటిలో ఏది ఉన్నా దాని సంగతి చూడకుండా నడవమని చెప్పడం అన్యాయమే. నా విషయంలో హిమోగ్లోబిన్ కొంత తగ్గింది, రాత్రి నొప్పి వల్ల నిద్ర చెడుతోంది. ఆ రెండింటికీ చికిత్స జరిగాక కూడా మిగిలిపోయిన అలసట కోసమే నన్ను ఫిజియోథెరపిస్ట్ దగ్గరకు పంపారు.

అలసిపోయిన మనిషిని ఇంకా కదలమనడం ఏమిటన్నది మా ఇంట్లో అందరి సందేహం. దానికి ఫిజియోథెరపిస్ట్ ఓపికగా జవాబు చెప్పారు. వ్యాధి వల్ల, చికిత్స వల్ల శరీరంలో కలిగే వాపు ప్రక్రియ కొంత అలసటకు కారణమవుతుంది, దాన్ని మనం నేరుగా ఆపలేం. అయితే అలసట వల్ల పడుకుంటే కండ కరుగుతుంది, కండ కరిగితే కుర్చీలోంచి లేవడం లాంటి చిన్న పనికీ ఉన్న శక్తిలో ఎక్కువ భాగం ఖర్చవుతుంది, అందువల్ల ఇంకా పడుకోవలసి వస్తుంది. స్టెరాయిడ్లు వాడుతున్నవారిలో తొడలు, తుంటి చుట్టూ ఉన్న కండరాలు మరింతగా బలహీనపడవచ్చు. ఈ వలయంలో మన చేతిలో ఉన్న భాగం కండ ఒక్కటే.

ఎముకల పరిశీలన జరిగేదాకా ఒక్క వ్యాయామం కూడా చేయించలేదు. నా స్కాన్‌లో ఒక వెన్నుపూసలోనూ, ఒక తొడ ఎముక పైభాగంలోనూ మచ్చలున్నాయి. ఆ ఎముకలు విరిగే ప్రమాదం ఎంతో ఎముకల వైద్యుడు చూసి రాసిన తరువాతే నా పద్ధతి తయారైంది. నడుము ముందుకు వంచి బరువు ఎత్తకూడదు, నడుమును మెలితిప్పకూడదు, గెంతకూడదు, పరుగెత్తకూడదు, మచ్చ ఉన్న కాలి మీద ఒంటికాలితో నిలబడకూడదు. బరువు మోపినప్పుడు కొత్తగా నొప్పి వస్తే దాన్ని వ్యాయామం వల్ల వచ్చే మామూలు నొప్పి అనుకోకుండా ఆపేసి చెప్పాలి. వెన్నునొప్పి కొత్తగా పెరిగినా, కాళ్లు బలహీనపడినా, తిమ్మిరెక్కినా, మూత్రం లేదా మలం మీద అదుపు తప్పినా వెన్నుపాము నొక్కుకుపోతోందేమోనని అనుమానించి అదే గంటలో ఆసుపత్రికి చేరాలని మా అమ్మాయికి కూడా విడిగా చెప్పారు. ఎముకలకు పాకిన క్యాన్సర్ ఉన్నవారు ఎవరో పంపిన వ్యాయామాల వీడియో చూసి మొదలుపెట్టవద్దని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

తరువాత మోతాదు. "మీకు అన్నిటికంటే బాగాలేని రోజున, మర్నాడు ఇంకా కుంగిపోకుండా ఎంతసేపు నడవగలరమ్మా?" అని ఆమె అడిగారు. ఐదు నిమిషాలన్నాను. సరే, ఐదు నిమిషాలే రాశారు. ఈ మొత్తం ప్రయాణంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఆ ప్రశ్నే. ఎందుకంటే మాలాంటివాళ్లం ఒంట్లో కాస్త తేలికగా ఉన్న రోజున పెండింగ్ పనులన్నీ చేసేసి, ఆ తరువాత రోజుల తరబడి మంచం దిగలేకపోతాం. కొలతను బాగున్న రోజును బట్టి కాక బాగాలేని రోజును బట్టి పెట్టుకుంటే, బాగున్న రోజున ఇంకా చేయాలనిపించినా ఆపడం, బాగాలేని రోజున కొంచెమైనా చేయడం రెండూ సాధ్యమవుతాయి. నడిచేటప్పుడు మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత ఆయాసం ఉండాలి, తీవ్రతకు అదే గుర్తు. ఐదు నిమిషాలు తేలికైనప్పుడే ఒకటి రెండు నిమిషాలు పెంచేవారు, అదీ నేను మర్నాటి అలసట ఎంతో చెప్పిన తరువాతే.

కండరాల బలం కోసం వారానికి రెండు రోజులు, మధ్యలో విరామంతో, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని రెండు మడమలూ ఎత్తడం, కూర్చుని ఎలాస్టిక్ బ్యాండ్ లాగడం చేయించారు. కీమో వల్ల నా పాదాల్లో స్పర్శ తగ్గింది కాబట్టి నిలబడి చేసేవాటికి పక్కన మనిషి తప్పనిసరి. జ్వరం, విరేచనాలు, తలతిరుగుడు, ఛాతీ నొప్పి, కొత్తగా ఆయాసం ఉన్న రోజున అసలు చేయకూడదు. ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ బాగా పడిపోతే ముందు డాక్టర్‌ను అడగాలి. మందు ఎక్కించిన తరువాతి రోజుల్లో కొలతను సగం చేసేవాళ్లం, పూర్తిగా మానేవాళ్లం కాదు.

ఇంట్లోవాళ్ల ప్రేమను కూడా సరిచేయవలసి వచ్చింది. "నువ్వు కదలకు, నేను తెస్తాను" అనే మాటలో ఎంత ఆప్యాయత ఉందో నాకు తెలుసు. ఫిజియోథెరపిస్ట్ మా అమ్మాయిని కూర్చోబెట్టి పనులను విడగొట్టారు. స్నానం బల్ల మీద కూర్చుని చేయడం, తడిబట్టలు ఆరేయడం వేరొకరికి అప్పగించడం శక్తిని మిగిల్చే పనులు. నా కంచం నేను తెచ్చుకోవడం, తలుపు తీయడానికి నేనే లేవడం కండను నిలబెట్టే పనులు. అలా మిగిలిన శక్తినే నడకకు వాడుకున్నాను.

నాలుగో దశలో ఉన్నవారికి ఇది నిజంగా పనిచేస్తుందా అని కూడా అడిగాను. 2019లో ప్రచురితమైన నిపుణుల సూచనలు అలసట తగ్గడానికి వారానికి మూడుసార్లు 30 నిమిషాల చొప్పున కనీసం 12 వారాల మధ్యస్థ వ్యాయామం చెబుతాయి. వాటి వెనుక ఉన్న అధ్యయనాలలో అధికభాగం తొలి దశల వారి మీద జరిగినవేనని ఆంకాలజిస్ట్ దాచకుండా చెప్పారు. 2024లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన అధ్యయనం మాత్రం శరీరంలో ఇతర భాగాలకు పాకిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 357 మందితో జరిగింది. వారిలో 9 నెలల పాటు పర్యవేక్షణతో వ్యాయామం చేసినవారికి జీవన నాణ్యత మెరుగుపడి అలసట తగ్గింది. వ్యాధి నయమవుతుందన్న మాట అందులో లేదు, నాకూ ఎవరూ అలా చెప్పలేదు.

మొదటి వారాల్లో నాకు ఏ తేడా తెలియలేదు. ఆ తరువాత నెమ్మదిగా ఏడు అనే అంకె ఐదుకు దిగింది, కొన్ని రోజులు నాలుగు. స్నానానికీ చీర కట్టుకోవడానికీ మధ్య పడుకోవలసిన అవసరం పోయింది. సాయంత్రం మనుషులతో కూర్చుని మాట్లాడే ఓపిక మిగిలింది, నా దృష్టిలో అదే అసలు లాభం.

ఇటీవలి స్కాన్‌లో మరో ఎముకలో మచ్చ కనిపించింది. వెంటనే పాత పద్ధతి ఆపి, ఎముకల వైద్యుడి అభిప్రాయం మళ్లీ తీసుకుని, నడకను రెండు చిన్న భాగాలుగా విడగొట్టి, నిలబడి చేసేవాటిని కూర్చుని చేసేవాటిగా మార్చారు. ఇప్పుడు ప్రతి స్కాన్ నివేదిక ఒక ప్రతి ఫిజియోథెరపిస్ట్‌కు కూడా వెళుతుంది, ఆమె రాసే కొత్త కొలత నా ఆంకాలజీ ఫైల్‌లో చేరుతుంది.